పళ్లెంలో నీళ్లు, పక్క సీటు

మొన్న మనవరాలి కొత్త కారులో బయలుదేరుతూ సీతాఫలాల సంచి ముందు సీట్లో పెట్టి, నేను వెనక కూర్చున్నాను. బండి కదిలిందో లేదో, కుయ్ కుయ్ అని ఒకటే గోల. "ముందట ఎవరో కూసున్నరనుకుంటాంది నాయనమ్మా, బెల్టు పెట్టుకోమంటాంది" అని నవ్వింది మనవరాలు. సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాక కారు నోరు మూసుకుంది. సీట్లో బరువు పడితే ఇప్పటి కార్లకు తెలిసిపోతుందట. ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. ఆఫీసు బోర్డుల మీద మైసూరు చెరిపి కర్ణాటక అని రాస్తున్న రోజుల్లోనే, బీదర్‌లో ఒక కారు నా బరువును గుర్తుపెట్టుకుంది. ఆ కారు నాకు సవతి. ఆ మాట ఊరికే అనడం లేదు, అన్ని విధాలా సవతే.

మా ఇంటాయనకు హుమ్నాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు ఉండేది. లారీలు బాగుచేసేవాడు. లారీల మీద నాకు ఏ కోపమూ లేదు, వచ్చేవి, బట్టలకింత మసి పూసేవి, పోయేవి. ఒకరోజు చిన్న దొర, అంటే ఒకప్పటి జాగీర్దారు కొడుకు, తమ బంగళాలో గోనెపట్టాల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న పందెం కారును ఎడ్లతో లాగించుకొచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. ఎర్రది. పైకప్పు లేదు. రెండే సీట్లు. నిజాం కాలంలో ఎవరో తెల్లదొర జాగీర్దారుకు అమ్మి వెళ్లిపోయాడట. మా అత్తమ్మ చుట్టూ తిరిగి చూసి, "గిదేంది, నడుం ఇరిగినట్టు నేలకు ఆనుకొనున్నది" అని పెదవి విరిచింది. నాకు మాత్రం నడుము విరిగినట్టు కాదు, సన్నగా ఉన్నట్టు కనబడింది. మా ఆయన దాని రేకు మీద అరచెయ్యి పెట్టి నిమిరిన తీరు చూసి అప్పుడే దాన్ని సవతిగా లెక్కేసుకున్నాను.

ఆ చలికాలం ఊరి బయట ఎర్రమొరం మైదానంలో కార్ల పోటీ ఉందని చెప్పుకుంటున్నారు. ఉద్యోగాల మీద వచ్చిన ఆఫీసర్ల సరదా అది. ఖాళీ డ్రమ్ములు అక్కడక్కడ నిలబెడతారు, ఒక్కో కారు విడిగా వాటి మధ్య వంకర్లు తిరిగి రావాలి, తొందరగా వచ్చినవాడిది గెలుపు. చిన్న దొర షరతు కూడా సూటిగానే పెట్టాడు. "ఫస్టు తెస్తివా, బండి నీదే. తేకపోతే హైదరాబాద్ తీస్కపోత. మా ఇంట్ల ఆమెకు దీని మీద మోజున్నది" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత తొందరగా తలూపలేదు.

ఇక అప్పటినుంచి ఇల్లు గుర్తులేదు, తిండి గుర్తులేదు. లారీ తలుపు కాలితో తన్ని మూసే మనిషి, దాని తలుపు ముట్టుకోవడానికి ముందు చేతులు కిరసనాయిలుతో కడుక్కునేవాడు. ఖటక్ చించోళిలో మా తమ్ముడి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీస్తున్నారంటే, "నువ్వు పో, నాకు పనున్నది" అని నన్నొక్కదాన్ని భాల్కి బస్సెక్కించాడు. పుట్టింట్లో అందరూ అల్లుడేడని అడిగారు. ఏమని చెప్పను, సవతి దగ్గరున్నాడని చెప్పనా? తిరిగి వచ్చిన మర్నాటినుంచి నేనొక పని పెట్టుకున్నాను. సాయంత్రం కాగానే ఆయనకు అన్నం గిన్నె పట్టుకుని షెడ్డుకు పోవడం, ఆ కారు ఎడమ సీట్లో ఎక్కి కూర్చోవడం. దానితో ఆయన్ని ఒంటరిగా వదలకూడదు, అంతే.

ఆయన దాని కింద పడుకుని ఏవేవో చేసేవాడు. మెత్తటి బండి మలుపులో పక్కకు ఒరుగుతుంది, గట్టిగా ఉంటే నేలను పట్టుకుని తిరుగుతుంది, అదీ ఆయన తిప్పలు. చక్రాల మీద బండిని మోసే కమాన్ పట్టీలు విప్పి ఒకటి ఎక్కించేవాడు, ఒకటి తీసేవాడు. షాకబ్సర్లలో చిక్కటి నూనె పోశాడు. బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే ఆగాలని ఒక్కో చక్రాన్నీ తిప్పి, ఆపి, మళ్లీ బిగించేవాడు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాత్రం నన్ను పెడలు దగ్గరికి జరగమనేవాడు. "నొక్కు. పట్టు. ఇడువు." ఆ నెలల్లో మొగుడు నాతో మాట్లాడిన మాటల్లో ఎక్కువ అవే. బండి సమంగా నిలిచిందో లేదో చూడడానికి ఆయనకొక పద్ధతుంది. నా పుట్టింటి ఇత్తడి పళ్లెం బానెట్టు మీద పెట్టి నీళ్లు పోసేవాడు. నీళ్లు ఏ పక్కకు పోతే ఆ పక్క పట్టీలు సరిచేసేవాడు. నేను అన్నం తినాల్సిన పళ్లెంలో అది తాగుతున్నట్టు నాకు ఒళ్లు మండేది. తను కింద ఉంటాడు కాబట్టి కుడివైపు తన సీట్లో తన బరువుకు సరిపడా జొన్నల మూట పెట్టేవాడు. పక్కన నేనుండేదాన్ని. చివరికి నీళ్లు పళ్లెం నడుమ కదలకుండా నిలిచాయి.

పోటీ రోజు ఒక్కొక్కరికి రెండు సార్లు అవకాశం. మొదటిసారి మా ఆయన ఒక్కడే వెళ్లాడు. కుడి మలుపు బాగానే తిరిగింది. ఎడమ మలుపులో బండి కుడిపక్కకు కూలబడి, వెనక ఎడమ చక్రం గాలిలో ఊరికే తిరిగింది. బ్రేకు నొక్కితే ముందు ఎడమ చక్రం బిగుసుకుపోయి, ఈడ్చుకుంటూ పోయి డ్రమ్మును తన్నింది. జనం నవ్వారు. తిరిగొచ్చి దిగకుండా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "అన్నీ మంచిగనే పెట్టిన గదా" అని తనలో తను గొణుక్కుంటున్నాడు. నిజం చెప్పొద్దూ, నా లోపల పండగ. పోతుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను.

అప్పుడు చిన్న దొర భార్య నల్ల కళ్లద్దాలతో వచ్చి, ఎడమ తలుపు తీసి, నా సీట్లో తన చేతిసంచి పెట్టింది. "ఈ సీటు గుంట పడ్డది. హైదరాబాద్ల మార్పించాలె" అంది. ఆ గుంట నాది. అన్ని సాయంత్రాలు అలిగి కూర్చుని కూర్చుని నేను చేసిన గుంట. సవతి పోతే పోనీ అనుకున్నాను కానీ, నా చోట మరొక ఆడది కూర్చుంటుందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

సీటు వెనకనుంచి పళ్లెం తీసి బానెట్టు మీద పెట్టాను. తాగడానికి తెచ్చుకున్న కూజాలోని నీళ్లు పోశాను. నీళ్లన్నీ కుడి అంచుకు పోయాయి. చేతిసంచి తీసి మర్యాదగా ఆమె చేతిలో పెట్టి, వెళ్లి నా గుంటలో కూర్చున్నాను. నీళ్లు మెల్లగా నడుమకొచ్చి నిలిచాయి.

ఆయన పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నువ్వు రోజు గిండ్లనే కూసుంటివి గదనే" అన్నాడు.

"కూసుంటి. దిగుమని ఒక్కనాడన్న అంటివా?"

"లొల్లి చేస్తవని అనలే."

"ఇప్పుడు గూడ దిగ. పోనియ్యి."

పక్కన మనిషిని ఎక్కించుకోవడం పోటీలో తప్పేమీ కాదు. పళ్లెం తీసేయించి, కొంగు నడుముకు బిగించి తలుపు పట్టుకున్నాను. బండి డ్రమ్ముల మధ్య నేలను కరుచుకుని తిరిగింది, బ్రేకు నొక్కిన చోటల్లా తిన్నగా ఆగింది. ఎర్రదుమ్ము నోట్లోకి పోతున్నా నవ్వు ఆగలేదు నాకు. ఫస్టు మాదే. సవతిని నా చేతులతోనే ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం భాల్కి మీదుగా ఖటక్ చించోళికి అందులోనే వెళ్లాం. ఆయన ఆ బండిని మళ్లీ ఒక్కడి బరువుకు సరిచేసుకోలేదు. చేసుకుంటానంటే నేను ఊరుకునేదాన్నీ కాదు. చివరికి తుప్పు పట్టి అది పోయింది. మూడేళ్ల కిందట ఆయనా పోయాడు.

మొన్న దారిలో బండి ఆపించి, సంచి వెనక పెట్టి, ముందుకొచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాను. కారు కూత పెట్టింది. మనవరాలు బెల్టు లాగబోతే, కాసేపు ఉండనీ అన్నాను. కాలం ఎవరి కోసమూ ఆగదు, నా రోజులూ నడుస్తూనే ఉన్నాయి. కానీ ఇద్దరి బరువుకు సరిచేసినవి కదా, కుడిపక్క తేలిపోయి నడుస్తున్నాయి.