ఇటుకల మీది చెయ్యి

కడప దగ్గర మా ఊరి బయట పాత ఇటుకల స్తూపం ఒకటుంది. మూడు వైపులా నడుమెత్తు దిబ్బే. తూర్పున మాత్రం గోడలా నిలువెత్తుగా మిగిలింది. బౌద్ధాన్ని మా ఇంటికి తెచ్చింది పెదనాయన. అంతకు ముందే ఆయన తల్లి, మా జేజి, అదేమిటో తెలియకుండానే జబ్బు చేసిన మేకలను దాని చుట్టూ తిప్పేది. కుడిచెయ్యి ఇటుకలకు ఆనించి నడిచేది. పెదనాయన మాకు "బుద్ధం శరణం" అనే త్రిశరణం నేర్పారు, తాయెత్తులు మాన్పించారు. ఆ చెయ్యిని మాత్రం మాన్పించలేదు. ప్రతి పున్నమికీ అందరం అలాగే తిరుగుతాం.

గుట్ట అవతల క్వారీలో పేలుళ్లు మొదలయ్యాక తూర్పు గోడకు నెర్రె పడింది. నేను సివిల్ చదివినవాణ్ని. పొడవు, వెడల్పు, నెమ్ము చూసి, నెర్రెకు అడ్డంగా సన్నటి గాజుపలక అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది.

"ఏమప్పా ఇంజనీరూ, బుద్ధునికి కట్టు కడతాండావా?" అని పెదనాయన నవ్వారు.

ఈ వైశాఖ పున్నమి సాయంత్రం అందరికంటే ముందు వెళ్లాను. గాజు నిలువునా పగిలి ఉంది. కింద ఇటుకపొడి కొత్తగా రాలి ఉంది.

"ఈపొద్దు గోడ దగ్గరికి ఎవురూ పోగూడదు పెదనాయనా."

"చెయ్యి పెట్టకుండా తిరిగేదానికి ఈడిదాకా రావల్లనా? ఇంట్లో మంచం చుట్టూ తిరుగుదాం పా."

"కూలితే?"

"మా యమ్మ చెయ్యి పెట్టిన గోడ అది. ఆ ఆనవాయితీ నాతోనే ఆగిపోవల్లనా?"

అప్పటికే జనం వస్తున్నారు, చంటిపిల్లలతో సహా. గోడకు దూరంగా తాడు కట్టాను. మూడు వైపులా ఇటుకలను తాకుదాం, తూర్పున తాడు బయట నడుస్తూ ముందువాళ్ల భుజం మీద చెయ్యి వేద్దాం అన్నాను.

ముందు ఆయన, వెనక నేను, నా వెనక పిన్నమ్మ. తాడు దగ్గరికి రాగానే ఆయన దాన్ని ఎత్తి, ఇటుకల మీది చెయ్యి తీయకుండా లోపలికి వెళ్లిపోయారు. నా అడుగు ఆగింది. నా భుజం మీద పిన్నమ్మ చెయ్యి బిగిసింది.

"యాడికి పోవల్లప్పా?"

"బయటికే."

మేము అవతలి కొసకు చేరేసరికి క్వారీ సైరన్ మోగింది. త్రిశరణం చెప్తూ లోపల ఆయన గొంతొక్కటే నడుస్తోంది. కాళ్ల కింద నేల అదిరింది. ఏదో రాలిన చప్పుడైంది. గొంతు ఆగింది.

కాసేపటికి ఆయన బయటికొచ్చారు. తెల్లచొక్కా భుజం నిండా ఎర్రటి పొడి.

"వచ్చే పున్నమికి తాడు ఇంకా దూరం జరుపు," అన్నారు.

"మరి నువ్వు?"

"నేను లోపలే."