నీ ఒక్కదానికే

హైదరాబాద్‌లో స్పానిష్ చదివే చంద్రిక, ఒక సెమిస్టర్ కోసం అమెరికాలోని జెర్సీ సిటీకి వచ్చి మిర్తా అనే అర్జెంటీనా ఆవిడ ఇంట్లో దిగింది. సాయంత్రమైతే ఆ ఇంట్లో మాతే అనే చేదు ఆకుల టీ పెడతారు. కప్పులా వాడే ఎండు సొరబుర్ర ఒకటే, పీల్చుకునే స్టీలు గొట్టం ఒకటే. ఇంటిల్లిపాదీ వంతులవారీగా దాంతోనే తాగాలి.

తన వంతు రాగానే చంద్రిక కళ్లు మూసుకుని తాగేసింది. తర్వాతి వంతు మిర్తా వాళ్లమ్మది. అంత పెద్దావిడకు తన ఎంగిలి ఎలా ఇస్తుంది? గొట్టాన్ని చున్నీతో శుభ్రంగా తుడిచి, వేణ్ణీళ్లు పోసి అందరికీ అందిస్తున్న మిర్తాకు తిరిగి ఇచ్చింది.

అందరూ చంద్రిక వైపే చూశారు. అక్కడ గొట్టం తుడవడమంటే ఇంటివాళ్లను అసహ్యించుకోవడమేనట! తను తుడిచింది తన ఎంగిలినేనని స్పానిష్‌లో ఎలా చెప్పాలో తెలియక తన గదిలోకి వెళ్లిపోయింది.

దగ్గర్లోనే ఎడిసన్‌లో ఉన్న శశికళ పిన్నికి ఫోన్ చేస్తే, "ఏం కాదులేవే, ఊరికే టెన్షన్ పడకు. రేపు సారీ చెప్పెయ్," అంది. చెప్పడం అంత తేలికా? మర్నాడు క్లాసులో కూర్చున్నా అదే గుబులు.

సాయంత్రం సారీ చెప్పేలోపే మిర్తా నవ్వుతూ కొత్త సొరబుర్ర, కొత్త గొట్టం తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇది నీ ఒక్కదానికే. ఇంకెవరూ ముట్టుకోరు."

ఖమ్మంలో చంద్రిక వాళ్లింటి పెరటిగోడ మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. అది ఇంటిపనికి వచ్చే ఎల్లమ్మ ఒక్కదానికే. దాన్నీ ఇంకెవరూ ముట్టుకోరు.