ఆర్డిసమ్మ ఇంట్లో బటన్ల పెట్టె

మా హార్లన్ ఊళ్లో నలభై దాటిన వాళ్లెవరినైనా అడగండి, చిన్నప్పుడు బెత్తం పట్టకుండానే మీకు భయం నేర్పిందెవరని. ఆర్డిస్ హౌగెన్ అంటారు. టీచరు కాదావిడ. స్కూలు వంటశాలలో ముప్పయ్యొక్క ఏళ్లు గరిటె తిప్పింది. ప్రతి గురువారం గిన్నెడు చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజల పులుసు, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రోల్. మనిషికి ఒకటే రోల్. సొంత మేనకోడలికైనా అంతే.

"ఇంకోటి పెట్టవా ఆర్డిసమ్మా" అని పదేళ్లప్పుడు నేను లోకంలో ఉన్న అమాయకత్వమంతా మొహానికి పూసుకుని అడిగాను.

"నీ వెనక నూట పన్నెండు మంది ఉన్నారు డీనూ. ఎవరిది తీసి నీకు పెట్టమంటావో పేరు చెప్పు."

చెప్పాను. ఆ పేరుగలవాడు సరిగ్గా నా వెనకే ఉన్నాడు. ముందు పన్ను ఊడిన సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను.

ఆవిడకు జీవితంలో మెతక చోటు ఒక్కటే. హార్లన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, అంటే నలుపు తెలుపు పిట్ట పేరు పెట్టుకున్న మా మేగ్‌పైలు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ చూడ్డానికి ఆవిడ ముప్పయ్యెనిమిదేళ్లుగా స్టేడియంలో పద్నాలుగో వరస, తొమ్మిదో నంబరులో కూర్చుంటోంది. ఒక ఏడాది మంచు తుఫానులో జనమంతా లేచిపోతే మిగిలింది నలభై మందట. అందులో ఈవిడ, ఆవుమెడ గంట ఊపుతూ. కళ్లద్దాల కొట్టు పెట్టాక పదో నంబరు నేను కొనుక్కున్నాను. నా కుడిచెవి వినికిడి తగ్గిందంటే ఆ గంట పుణ్యమే.

భర్త మెర్ల్ మాత్రం స్టేడియం గడప తొక్కలేదు. "ఒక్క గింజ కోసం ఇరవై మంది కొట్టుకోవడం చూడాలంటే పొలంలో నా కోళ్లు చాలు" అనేవాడు. పొలం కౌలుకిచ్చి, స్టేడియం వెనక వీధిలో ఇల్లు తీసుకున్నాక కూడా మారలేదు. శనివారం మధ్యాహ్నం ఆవిడ గంట పట్టుకుని బయటికి, ఆయన రిమోట్ పట్టుకుని కుర్చీలోకి. ఒక గడ్డం మనిషి పడవలో కూర్చుని చేపలు పట్టే కార్యక్రమం చూసేవాడు. చేప పడకపోతే మెర్ల్‌కు బాధ లేదు. పడితేనే కొంచెం చిరాకు, మధ్యలో హడావిడి ఏమిటని.

ఇలా సాగిపోతుండగా మా కూటమికి కాలం మూడింది. పది కాలేజీల కూటమి. మా తాతల నాటినుంచి వాళ్లతోనే ఆడుతున్నాం, వాళ్లనే తిడుతున్నాం. టీవీ కంపెనీ ఒప్పందం అయిపోవచ్చింది. కంపెనీవాళ్లు ఎవరినీ పొమ్మనలేదు, ఎవరినీ రమ్మనలేదు. "మీరు ఫలానా వాళ్లతో ఆడితే చూడముచ్చటగా ఉంటుంది" అన్నారట, అంతే. సముద్రం ఒడ్డున ఉన్న నాలుగు కాలేజీలు గోడ దూకి, దేశం ఆ చివర సముద్రం వాళ్లతో చేతులు కలిపాయి. మిగిలినవాళ్లకు కాళ్లు నిలవలేదు. మమ్మల్ని ఎవరైనా చేర్చుకుంటారా అన్నదే ఊరి బెంగ.

అప్పుడు మా వారపత్రికలో రెండు సంగతులు వచ్చాయి. ఒకటి: స్టేడియంలో ఎంతమంది ఉన్నారన్నది టీవీవాళ్లకు అక్కర్లేదు, ఇళ్లలో ఎంతమంది చూస్తున్నారన్నదే చూసి మా గతి తేలుస్తారు. రెండోది: మేగ్‌పైల సొంత జిల్లాలోనే శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ కన్నా చేపల వేటకే ఎక్కువమంది ఉన్నారు.

కాఫీ కొట్టులో పద్నాలుగో వరసవాళ్లమంతా ఉన్నాం. నేను పత్రిక బల్లమీద కొట్టి చదివాను.

"చేపలా! మన జిల్లాలో! ఎవరు వీళ్లు? ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసేవాళ్లు!"

పూలకొట్టు లొరేన్ అందుకుంది. "పేర్లు దొరికితే బాగుండు. వాళ్లింట్లో పెళ్లికైనా చావుకైనా నా కొట్టునుంచి ఒక్క పువ్వు పోదు."

"అయినా ఆట చూడకుండా ఇంట్లో ఎలా ఉండగలుగుతారో! ఏమంటావు ఆర్డిసమ్మా?" అన్నాను నేను.

ఆవిడ కాఫీలో మూడుసార్లు పంచదార వేసుకుంది. ఆవిడ పంచదార వేసుకోదు.

అసలు సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆ వేసవిలో టీవీ ఎవరెవరు చూస్తున్నారో లెక్కతీసే కంపెనీనుంచి ఒక అబ్బాయి వచ్చి, హౌగెన్ దంపతుల టీవీ కింద చిన్న పెట్టె పెట్టి వెళ్లాడు. దానికి మూడు బటన్లు. ఒకటి ఆవిడకి, ఒకటి మెర్ల్‌కి, మూడోది అతిథులకి. ఎవరు చూస్తుంటే వాళ్లు నొక్కాలి. అతిథులైతే ఆడో మగో, వయసెంతో కూడా చెప్పాలి. కంపెనీ లెక్కలో వాళ్ల ఒక్క ఇల్లు కొన్ని వందల ఇళ్లతో సమానం. ఎవరితోనూ చెప్పకూడదు, సంతకం పెట్టాలి. ఆ అబ్బాయి చేతులు కడుక్కుని మరీ రోల్ తిన్నాడని ఆవిడ సంతకం పెట్టేసింది.

అంటే ఏమైంది? మా జట్టును అందరికన్నా ఎక్కువ ప్రేమించిన మనిషి స్టేడియంలో గంట ఊపుతోంది కాబట్టి పెట్టె లెక్కలో లేదు. ఇంట్లో మెర్ల్ ఒక్కడు కునుకుపాట్లు పడుతూ కొన్ని వందల ఇళ్ల తరఫున చేపలు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన పంచాయితీ మెర్ల్ తర్వాత చెప్పాడు.

"మెర్ల్, వచ్చేవారం మనవాళ్లు బయట ఊళ్లో ఆడుతున్నారు. ఇద్దరం కూర్చుని చూద్దాం. నీ బటన్ నొక్కు."

"నొక్కి, చేపల గురించి ఆలోచించుకోవచ్చా?"

"ఆలోచనలు దానికి తెలియవులే."

వచ్చేవారం ఆ ఆట మొదలైన పావుగంటకే ఆయన గురక పెట్టాడు. ఉన్నావా అని పెట్టె ఎర్రగా కన్నుకొట్టింది. ఆయన పలకలేదు. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"లేపకే. పోనీ ఒక పని చెయ్యి. చివరి ఆట మన ఊళ్లోనేగా. నువ్వు స్టేడియంకి పో. నేనిక్కడ నీ బటన్ కూడా నొక్కుతా."

"అది అబద్ధం."

"వేలితో చెప్పేది కూడా అబద్ధమేనా?"

"ముప్పయ్యొక్క ఏళ్లు మనిషికొకటే పెట్టిన చెయ్యిది మెర్ల్. లేనిది ఉందని నొక్కదు."

మరి చేసేదేముంది? ఊరు లెక్కలోకి రావాలంటే ఆవిడ ఇంట్లో ఉండాలి. ముప్పయ్యెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఖాళీ లేని ఆ సీటు వదులుకోవాలి. అదీ ఏ ఆటకి? ఇరవై మైళ్ల దూరంలోని కోల్‌బర్న్ కాలేజీతో, మా ఆగర్భశత్రువులతో, ఏడాదిలో చివరి ఆటకి.

ఆ శనివారం ఎముకలు కొరికే గాలి. ఆట మొదలైంది. తొమ్మిదో నంబరు ఖాళీ. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. నా కుడిచెవికి పందొమ్మిదేళ్లలో మొదటిసారి పక్షుల కూత వినిపించింది. భయమేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"పోయిందిరా" అంది లొరేన్, కళ్లు తుడుచుకుంటూ. "బతికుంటే రాకుండా ఉండదు."

విరామం వచ్చింది. నేను లేచి నిలబడి, నా జీవితంలోకెల్లా గొప్ప నాయకత్వం ప్రదర్శించాను. "వరసంతా లేవండి. వెనక వీధే కదా, చూసొద్దాం."

పదకొండు మందిమి నలుపు తెలుపు కోట్లలో, శవయాత్రకు సరిపడే మొహాలతో వెళ్లి తలుపు కొట్టాం. మెర్ల్ తీశాడు.

"బతికే ఉంది. నా కుర్చీలో ఉంది. వీలైతే తీసుకుపోండి."

లోపల ఆర్డిసమ్మ టోపీ, మఫ్లర్, చేతిలో గంట, అన్నీ యథావిధిగా. ఎదురుగా టీవీ. మమ్మల్ని చూసి మొదట కంగారుపడింది. తర్వాత టీవీ కిందికి చూసింది. తర్వాత మమ్మల్ని లెక్కపెట్టింది. ఆ చూపు నాకు తెలుసు, గురువారం వరసలో చూసిందే.

"కూర్చోండి. కూర్చునేముందు ఒక్కొక్కరూ వయసు చెప్పండి."

"ఎందుకు?"

"అడిగినదానికి జవాబు చెప్పరా డీనూ."

"యాభై రెండు."

నొక్కింది. యాభై లోపువాళ్లంటేనే టీవీ కంపెనీలకు ముద్దు అని తర్వాత తెలిసింది. నేనప్పుడే పనికిరాని సరుకునన్నమాట. లొరేన్ వంతు వచ్చింది.

"నలభై తొమ్మిది" అంది లొరేన్, ఎనిమిదేళ్లుగా అంటున్నట్టే.

ఆర్డిసమ్మ వేలు గాల్లో ఆగింది. నలభై తొమ్మిది ఊరికి లాభం. ఆ సంగతి గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. పాపం, చాలాసేపే ఆలోచించింది.

"లొరేన్, నువ్వు వీడికన్నా ఐదేళ్లు ముందు నా వరసలో నిలబడ్డావు. వేరుశెనగ పడదని నీకు విడిగా వండేదాన్ని. యాభై ఏడు." నొక్కేసింది.

లొరేన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రోల్ ఇస్తే తీసుకోలేదు. ఇంతకీ ఆ పెట్టె ఏమిటో నాకు అప్పుడే వెలిగింది. వంగి చూశాను.

"నువ్వేమీ చూడలేదు డీనూ" అంది ఆవిడ మెల్లగా.

"కళ్లద్దాలవాణ్ని ఆర్డిసమ్మా. చూడలేదంటే కొట్టు మూసుకోవాలి. ఇంకో రోల్ ఇస్తే నోరు మాత్రం మూస్తా."

"మనిషికి ఒకటే."

రెండో సగం మొదలైంది. కెమెరా మైదానమంతా తిరిగి తిరిగి వచ్చి, సరిగ్గా ఒకచోట ఆగింది. పొడవుగా ఒక ఖాళీ బల్ల.

"చూస్తున్నారా," అన్నాడు టీవీలో వ్యాఖ్యాత జాలిగా, "పద్నాలుగో వరస మొత్తం ఇంటికెళ్లిపోయింది. సొంత ఊరివాళ్లే ఆశ వదులుకున్నట్టున్నారు."

దేశమంతా చూసింది. ఆర్డిసమ్మ నెమ్మదిగా మావైపు తిరిగింది.

"ఎవరి బుద్ధి ఇది?"

పది వేళ్లు నావైపు తిరిగాయి. పదకొండోది మెర్ల్‌ది, తనకేం సంబంధమో!

"పరిగెత్తి పోతాం" అంటూ లేచాను.

"కూర్చో! నొక్కేశాను. లేస్తే లెక్క తప్పుతుంది."

కూర్చున్నాం. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆవిడ చివరిదాకా గంట ఊపింది. చిన్న గది. నా ఎడమచెవి కూడా ఆరోజే పోయింది.

తర్వాతి సంగతులు ఒకదాన్ని మించి ఒకటి. పెట్టె తీసుకుపోవడానికి అదే అబ్బాయి వచ్చాడు. ఎప్పుడూ ఒకరిద్దరికి మించి చూడని ఇంట్లో ఉన్నట్టుండి పన్నెండు మంది చూసేసరికి, ఇదేదో కొంటె పని అనుకుని కంపెనీ ఆ శనివారం లెక్క మొత్తం కొట్టేసిందట. "పన్నెండేమిటి, నేనూ ఉన్నానుగా" అన్నాడు మెర్ల్. ఆయన బటన్ ఆయన నొక్కలేదు, ఆవిడ నొక్కదు. ఆపైన పత్రికలో వచ్చింది, టీవీవాళ్లు ఎవరిని తీసుకోవాలో ఆగస్టులోనే, ఒక్క ఆట కూడా మొదలవకముందే నిర్ణయించేసుకున్నారని. కూటమిలో మిగిలింది మేమూ, కోల్‌బర్న్‌వాళ్లూ. పెళ్లివారంతా లేచిపోయాక పందిట్లో మిగిలిన పాత పగవాళ్లలా, ఏడాదికి రెండుసార్లు మాలో మేమే ఆడుకోవాలిప్పుడు.

ఆవిడ ఆ పత్రిక మడిచి పక్కన పెట్టింది. "ఆగస్టులోనే తెలిస్తే నా సీట్లో నేను కూర్చునేదాన్ని కదరా" అంది.

చేపల కార్యక్రమం కూడా ఆగిపోయింది. ఎందుకో తెలియదు. తనొక్కడు బటన్ నొక్కకుండా నిద్రపోవడం వల్లే వందల ఇళ్లు తగ్గాయని మెర్ల్ నమ్మకం. గడ్డం మనిషికి క్షమాపణ ఉత్తరం కూడా రాశాడు.

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. లొరేన్ ఇరవయ్యో వరసకి మారిపోయింది, తన వయసు తెలియనివాళ్ల మధ్యకి. ఖాళీ అయిన ఎనిమిదో నంబరులో, చేపలు పట్టే టోపీతో, మోకాళ్లమీద దుప్పటితో మెర్ల్ కూర్చున్నాడు. ఆర్డిసమ్మ తొమ్మిదిలో. మనిషికో రోల్ పంచింది.

ఆట మొదలయ్యేముందు మెర్ల్ బల్ల కింద తడుముతున్నాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"బటన్. నేనొచ్చానని చెప్పొద్దూ?"

ఆవిడ గంట తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇదిగో. ఇది ఊపు."

ఊపాడు, చేప పడినవాడిలా కొంచెం చిరాగ్గా.