బావ మెచ్చుకున్న రంగు

మా బావది సౌకార్‌పేటలో నూలు రంగుల టోకు వ్యాపారం. ఆయన చెంప మీది గడ్డలోంచి తీసిన ముక్క సంగతి ఇవాళ తేలుతుందంటే ఆస్పత్రి ల్యాబుకి తోడు వెళ్లాను. నా చదువంతా పొట్లాల కాగితాల మీదే సాగింది కనక, డాక్టరమ్మ కనిపిస్తే నాలుగు ప్రశ్నలు అడక్కుండా ఉండలేను. ముక్కని పల్చగా కోసి మార్కర్లనే మందులు వేస్తారనీ, గోధుమ రంగు పడితే అది చాలా అరుదైన చర్మ క్యాన్సర్ అనీ ఆమె నాకు చెబుతూ ఉంది. రంగు అనే మాట చెవిన పడగానే బావ, ఆ ముక్క పెట్టిన మైక్రోస్కోపు మీదికి వంగిపోయారు. మిగతాది ఆయన విననే లేదు.

"భలే పట్టిందమ్మా రంగు! ఈడ చూడు బామ్మర్దీ, ఒక్క చోట కూడా తేలిపోలా. ఎవురేసినారో గాని మంచి పనోడు!" అన్నారు, సరుకు మెచ్చుకున్నట్టు.

డాక్టరమ్మ రిపోర్టు కాగితం ముందుకు జరిపింది. "పట్టకూడదనే అనుకున్నానయ్యా. పట్టింది కాబట్టి ఆ జబ్బేనని తేలింది" అంది.

బావ మళ్లీ వంగి, ఈసారి చాలాసేపు చూశారు. ఆపరేషన్, తర్వాత రేడియేషన్, అదే కరెంటు పెట్టడం అని ఆమె చెబుతూనే ఉంది.

ఆటో ఎక్కుతూ బావ అన్నారు: "అంత గట్టిగా పట్టిన రంగు ఎన్నిసార్లు ఉతికినా పోదబ్బా. నాకు తెలీదా? ఇంక ఆపరేషన్ ఎందుకు?"

ప్రతిదానికీ ఒక కథ చెప్పే నేను, వాషర్‌మెన్‌పేటలో దిగేదాకా ఆటోవాడికి దారి చెబుతూ కూర్చున్నాను. రేపు పొద్దున ఆయన్ని ఒప్పించాలి. రంగుల మనిషికి నచ్చే మాట మీకేదైనా తోస్తే, ఈ రాత్రికే నాకు చెప్పండి.