మామగారి లాప్‌టాప్‌కు నేను చేసిన వైద్యం

నిక్షేపంగా నడుస్తున్న లాప్‌టాప్‌ను అరగంటలో మూగదాన్ని చేసి, ఒక పెద్దామె పాటలన్నిటినీ ప్రమాదంలో పడేసి, నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్న ఆలుమగల మధ్య మాటలు బంద్ చేయించి, ఇన్ని ఘనకార్యాల తర్వాత కూడా తనంత మంచివాడు లేడని మురిసిపోయిన ఒక అల్లుడి కథ ఇది. ఆ అల్లుడు నేనే. మొహమాటపడకుండా నవ్వుకోండి. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరు ఆపుకుంటే నా పరువేమీ తిరిగి రాదు.

అప్పటికి నాకు పెళ్ళయి మూడు నెలలు. మాది నాగారం. అత్తగారిది శామీర్‌పేట దాటాక లాల్‌గడి మలక్‌పేట్. అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడని పెళ్ళిచూపుల్లో మావాళ్ళు చెప్పారు. అబద్ధం కాదు. కాకపోతే నా ఉద్యోగం, వేరేవాళ్ళు తయారు చేసినదాంట్లో తప్పులు వెతికి, ఇది ఫలానావాళ్ళ తప్పు అని రాసి పంపడం. లాప్‌టాప్ విప్పితే లోపల ఏముంటుందో మా అత్తమ్మకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఈ సంగతి ఆ ఊళ్ళో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చుట్టాలు తెచ్చిన రెండు ఫోన్లను ఆపి మళ్ళీ ఆన్ చేశాను. వాటంతట అవే బాగుపడ్డాయి. దాంతో నేను ముట్టుకుంటే చాలన్న పేరొచ్చింది. పేరొస్తే మనిషి ఊరుకుంటాడా?

మా మామ దేవదానం బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. వాళ్ళమ్మ, అంటే మా ఆవిడ ప్రిస్కిల్లాకు అవ్వ, నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ దేవుడి మీద పాటలు కట్టేదట. ఆమెకు రాయడం రాదు. ఎవరో రాసిపెట్టిన నోటుపుస్తకం సగం చెదలు తినేసింది. మిగిలిన సగం చూసి, తిన్న సగాన్ని ఊళ్ళో ముసలమ్మలను అడిగి, మామ రెండేళ్ళపాటు ఒంటి వేలితో ఆ పాటలన్నీ టైపు చేశాడు. మరునాడు ఆదివారం కోత పండుగ. చర్చికి కొత్తగా పెద్ద తెర వచ్చింది. వాళ్ళమ్మ పాట మొట్టమొదటిసారి ఆ తెర మీద పడబోతోందని మామ వారం రోజులుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆ పాటలన్నీ ఉన్నది ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే. ఇంకో కాపీ తీసిపెడతానని పెళ్ళికి ముందే ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. ఆ పెద్దమనిషి ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి, కాపీ తీద్దామనే లాప్‌టాప్ తెరిచాను. మూలన చిన్న డబ్బా ఒకటి వచ్చింది. బయోస్ అప్‌డేట్ ఉంది, చేయమంటావా అని అడిగింది. బయోస్ అంటే మరేమీ కాదు, యంత్రం నిద్ర లేవగానే తానెవరో, ఏం చేయాలో గుర్తు చేసుకోవడానికి లోపల ఒక చిప్పులో రాసిపెట్టిన పాఠం. ఆ పాఠాన్ని చెరిపి కొత్తది రాస్తుండగా మధ్యలో ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇదంతా నాకు ఆ సాయంత్రం తెలిసింది. మధ్యాహ్నం మాత్రం అప్‌డేట్ అనే మాట చూడగానే చేయి దురద పెట్టింది.

"నడుస్తనే ఉన్నది గదా అల్లుడూ. గిప్పుడెందుకు ముట్టుడు?" అన్నాడు మామ.

పాతబడితే రేపు పండుగ మధ్యలో మొరాయిస్తుందని, ఇలాంటివి ఆఫీసులో రోజూ చూస్తానని కోతలు కోశాను. మామ సగం మనసుతో తలూపి, వైరు మాత్రం కదిలించొద్దన్నాడు. దాని బ్యాటరీ నిండా ఉన్నట్టు చూపిస్తుందిగానీ, వైరు తీసిన మరుక్షణం ప్రాణం వదిలేస్తుందట. నాకా చెబుతున్నారు మామా అన్నట్టు ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

లాప్‌టాప్‌ను టీపాయ్ మీద పెట్టి సోఫాలో కూర్చున్నాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఎట్టి పరిస్థితిలోనూ కరెంటు తీయకండి అని వాటి సారాంశం. పది శాతం, ఇరవై శాతం, నలభై శాతం. యాభై దాటిందో లేదో, శామీర్‌పేట వైపు నుంచి మబ్బు పట్టుకొచ్చి ఉరిమింది.

ఇక్కడ మా అత్తమ్మ ఎస్తేరమ్మ గురించి చెప్పాలి. ఎప్పుడో ఒక వానాకాలం పిడుగు పడి వాళ్ళ టీవీ మాడిపోయింది. అప్పటి నుంచి మొదటి ఉరుము వినబడితే చాలు, ఆమె చేతిలో ఏ పనున్నా వదిలేసి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తుంది. ఫ్రిజ్, మిక్సీ, మోటారు, ఫోను చార్జర్లు, ఒక్కటీ మిగలదు. చుట్టాలొచ్చి కూర్చున్నా సరే, వాళ్ళ తల మీదుగా చేయి చాపి పీకుతుంది. ఆ రోజూ వంటింట్లో మొదలుపెట్టి హాల్లోకి వచ్చేసింది. టీవీ బోర్డు వైపు వంగింది. నా వైరు కూడా ఆ బోర్డులోనే ఉంది.

"అత్తమ్మా, ఆగండి" అంటూ సోఫాలోంచి ఒక్క గంతు వేశాను.

తెర ఆరిపోయింది.

అత్తమ్మ చేతిలో ఒక ప్లగ్గు వేలాడుతోంది. తప్పులు వెతకడమే వృత్తి అయినవాడికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పీకేశారా అత్తమ్మా అన్నాను. ఆమె చేతిలోని ప్లగ్గు చూసుకుంది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది. సిగ్గుతో తల దించుకుందనుకున్నాను.

"పీకిన బిడ్డా. సూస్కోలే" అంది మెల్లగా.

మామ అరవలేదు. అరిచినా బాగుండేది. భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, "అవ్వ పాటలన్నీ దాంట్లనే ఉండె" అని మాత్రం అన్నాడు. కాసేపటికి అత్తమ్మ టీ తెచ్చిస్తే ఆ గ్లాసు వైపు చూడనైనా చూడలేదు. అప్పుడు నేను చేసిన పని వినండి. పోనీ మామా, తెలియక చేసింది, పెద్దావిడ, క్షమించేయండి అన్నాను. అవును, నేనే అన్నాను. నా మంచితనానికి నాకే కళ్ళు చెమర్చాయి.

ఇక వైద్యం మొదలైంది. నా కాళ్ళ దగ్గర కింద పడి ఉన్న చార్జర్ పిన్నును తీసి లాప్‌టాప్‌కు గుచ్చి బటన్ నొక్కాను. లోపల ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఒక చిన్న లైటు కన్ను కొట్టినట్టు వెలిగి ఆరుతోంది. తెర మాత్రం చీకటి. బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టాను. ఫోన్‌లో వెతికి పట్టుకున్న వీడియోలో ఒకాయన రెండు మీటలు కలిపి నొక్కమన్నాడు, నొక్కాను. మూడు నొక్కమన్నాడు, అదీ చేశాను. స్క్రూలు విప్పి బ్యాటరీ ఊడదీసి, చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను. కొంగు ప్రిస్కిల్లాది. ఫోన్ తడిస్తే బియ్యంలో పెడతారు కదా, పెట్టి చూద్దామా అని ఆమె అడిగింది. ఇది తడవలేదని విసుక్కున్నానుగానీ, ఇంకో పావుగంట గడిస్తే బియ్యం డబ్బా నేనే అడిగేవాణ్ణి.

చివరికి అత్తమ్మ వచ్చి లాప్‌టాప్ మీద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆ యంత్రాన్ని లేపమని, అవ్వ పాటలు కాపాడమని అడిగింది. ఆఖర్న "మా అల్లుని కాళ్ళు నీ కాపుదలల వెట్టు ప్రభువా" అంది. చేతులు అనబోయి కాళ్ళు అంది కాబోలు, పాపం గాబరాలో ఉంది అనుకుని ఆమెన్ అన్నాను.

వాన తగ్గగానే నేనూ ప్రిస్కిల్లా బండి మీద మేడ్చల్ బయలుదేరాం. లాప్‌టాప్‌ను అత్తమ్మ తన శాలువాలో చుట్టి, పైన యూరియా సంచి తొడిగి, పసిబిడ్డను అప్పగించినట్టు కూతురి ఒళ్ళో పెట్టింది. మామ గేటు దాకా వచ్చాడు. ఆయన మొహం చూడలేక బండి స్టార్ట్ చేశాను.

మేడ్చల్‌లో యూసుఫ్ భాయ్ అని ఒకాయన రిపేరు దుకాణం నడుపుతాడు. నేను చెప్పింది సాంతం విని, మూత విప్పి, గోరంత చిప్పు ఒకటి చూపించాడు.

"పరేషాన్ గాకు భయ్యా. పాటలు వేరే కాడ ఉన్నయి, గీ చిప్పు వేరే. చిప్పుల రాసింది ఖరాబైంది, మళ్ళ రాస్త. పాటలకేం గాలే" అన్నాడు.

ఆ మాటకు ప్రిస్కిల్లా అక్కడే ఏడ్చేసింది. ఆయన ఆ చిప్పుకు ఒక క్లిప్పు తగిలించి, తన కంప్యూటర్‌లోంచి ఏదో ఎక్కించాడు. ఆ పని సాగుతుండగా మా చార్జర్ అందుకుని, పిన్నును లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. కరెంటు ఎట్లా పోయిందని అడిగాడు. మా అత్తమ్మ గోడ దగ్గర ప్లగ్గు పీకేసిందని, పెద్దావిడ కదా ఏమీ అనలేకపోయానని చెప్పాను.

"గోడ కాడ పీకితే గీడ పిన్ను ఎట్ల వంగుతది? ఎవరో వైరు కాలికి సుట్టుకోని గుంజిన్రు భయ్యా" అన్నాడు ఆయన, పిన్ను నా కళ్ళ ముందు పెట్టి.

ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుని నా కాళ్ళ వైపు చూసింది. ఆ రోజు నా కాళ్ళ వైపు చూసిన రెండో మనిషి ఆమె. సోఫాలోంచి వేసిన గంతు, కింద పడి ఉన్న పిన్ను, ప్రార్థనలో నా కాళ్ళు, అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. నేలలోకి దిగిపోదామంటే యూసుఫ్ భాయ్ దుకాణానికి గట్టి గచ్చు.

తెర వెలిగింది. అవ్వ పాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మామ ఒంటి వేలి అక్షరదోషాలతో సహా ఉన్నాయి. యూసుఫ్ భాయ్ చేత ఒకటి కాదు, మూడు కాపీలు తీయించి తిరిగొచ్చాం. దారి పొడవునా ప్రిస్కిల్లా ఒక్క మాటే అంది, ఇంటికి పోగానే చెప్పాలని. చెబుదామనే లోపలికి అడుగు పెట్టాను. మామ నన్ను గట్టిగా కావలించుకుని, అల్లుడు అవ్వను బతికించాడని పాస్టరుగారికి ఫోన్ కలిపాడు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలపడింది. అంత సంతోషంలోనూ ఆయన అత్తమ్మతో మాట్లాడలేదు. అన్నం కూతురి చేతనే వడ్డించుకున్నాడు.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తమ్మ గిన్నెలు సర్దుతోంది. మీరు పీకింది టీవీ ప్లగ్గు కదా అని అడిగాను.

"నీ కాలికి వైరు సుట్టుకునుడు నేను సూసిన బిడ్డా" అంది, గిన్నె మీది నుంచి చూపు తిప్పకుండా. "ఆయన నాతోటి రెండు పూటలు మాట్లాడకుంటే మూడో పూట ఆయనే అస్తడు, నాకు నలభై ఏండ్ల సంది అలవాటే. నువ్వు కొత్తోనివి. నీ మీద మనసుల వెట్టుకుంటే మల్ల పోదు. పో, పోయి అన్నం తిను."

మధ్యాహ్నం నేను ఈమెను క్షమించేయమని సిఫారసు చేసి ఉన్నాను. ఆ అన్నం ఎలా దిగిందో నాకే తెలుసు.

మరునాడు కోత పండుగ. చర్చి గుమ్మానికి చెరుకుగడలు, వరి గుత్తులు కట్టారు. తెర మీద అవ్వ పాట పడింది. మామ ఎత్తుకున్నాడు. రెండో చరణానికి ఆయన గొంతు పూడుకుపోతే, ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు అందుకుని పూర్తి చేశారు. వాళ్ళలో ఒక్కరు కూడా తెర వైపు చూడలేదు. ఆ తర్వాత సాక్ష్యాల సమయం. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి మైకులో చెప్పొచ్చు. మామ నన్ను మోచేత్తో పొడిచి, లాప్‌టాప్ లేచిన సంగతి చెప్పమన్నాడు. లేచాను. మైకు పట్టుకున్నాను. ఆ తెర వెలుగులో అత్తమ్మ మొహం కనబడింది, ఇక ఆగలేకపోయాను.

"నిన్న మా మామ లాప్‌టాప్‌ను చంపింది నేనే" అన్నాను.

"స్తోత్రం" అంది సంఘమంతా, అలవాటు కొద్దీ.

"వైరును కాలితో లాగింది నేను. నింద మోసింది మా అత్తమ్మ."

ఈసారి స్తోత్రం సగంలో ఆగిపోయింది. ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు, దాంతో చర్చంతా నవ్వింది. పాస్టరుగారు బైబిలు వెనక మొహం దాచుకున్నారు. మామ మాత్రం నవ్వలేదు. లేచి, మగవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ వైపు నడిచి వెళ్ళి, అందరి ముందూ అత్తమ్మ ఎదుట నిలబడ్డాడు.

"ఇంటికి పోయి టీ వెడ్తవా?" అన్నాడు.

నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన మూడో పూట భోజనం వేళ కాకముందే మాట్లాడాడని అత్తమ్మ తర్వాత లెక్క చెప్పింది.

మామ నా మీద మనసులో ఏమీ పెట్టుకోలేదు. మనసులో ఎందుకు, ఊరంతటికీ పంచాడు. ఇప్పటికీ నేను వెళ్ళినప్పుడు ఆకాశం ఉరిమితే అత్తమ్మ చేతిలో పని వదిలేసి పరుగున వస్తుంది. కానీ ఇప్పుడు ముందుగా వెళ్ళేది ప్లగ్గుల దగ్గరికి కాదు, నా దగ్గరికి. "బిడ్డా, కాళ్ళు మీద వెట్టుకో" అంటుంది. నేను సోఫాలో బాసింపట్టు వేసుకుని బుద్ధిగా కూర్చున్నాకే మిగతా ఇంటి సంగతి చూస్తుంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. నడుస్తున్న యంత్రానికి ఇక జన్మలో వైద్యం చేయను. ఎవరి చేతిలో ప్లగ్గు కనబడినా, ముందు నా కాళ్ళు చూసుకోకుండా తీర్పు చెప్పను. ఈ ప్రమాణాన్ని నిలబడి చేయాలని ఉంది గానీ, బయట ఉరుముతోంది, అత్తమ్మ దిగనివ్వడం లేదు.