మాలిఖాఫా పలికిన పేరు

లెసోతో కొండల్లో కోడలు మామగారి పేరు నోటితో పలకదు. మాలిఖాఫా, అంటే లిఖాఫా వాళ్లమ్మ, ఇరవై రెండేళ్లుగా పలకలేదు. ఆయనను ‘న్తాతే’ అంటుంది, నాన్నగారూ అన్నట్టు. ఆ పేరే ఉన్న చుట్టాలబ్బాయిని కూడా ‘ఒరే’ అనే నెట్టుకొచ్చింది.

ఆ మామగారికి హెచ్‌ఐవి. ఊరి నాయకుడికి సలహాదారు, పరువుకు ప్రాణమిచ్చే మనిషి. అందుకని రెండు కొండల అవతల, అమెరికా డబ్బుతో నడిచే క్లినిక్ నుంచి కోడలి చేత గుట్టుగా మందు తెప్పించుకునేవాడు. అక్కడి నర్సు పేరు అడక్కుండా, ఆమె ముఖం చూసే మందు ఇచ్చేది.

ఆ ఏడాది వాషింగ్టన్‌లో విదేశీ సాయం ఆపేస్తూ ఒక సంతకం పడింది. ఆఫ్రికా మా ఆప్తమిత్రుడని ఏళ్లతరబడి ఊదరగొట్టిన దేశం ఒక్క పూటలో చేతులు దులుపుకుంది. కబురందిన రోజే మధ్యాహ్నం పన్నెండింటికి క్లినిక్ మూత. ఈలోపు ఫైలు తీసుకున్నవాళ్లకే ఆఖరి మూడు నెలల మందు.

మాలిఖాఫా చేరేసరికి పదకొండున్నర. కిటికీ దగ్గర వందమంది. నర్సును అప్పటికే ఇంటికి పంపేశారు. పేరు రాసిన కాగితం లోపలికి చాచింది. ఆ తోపులాటలో అది ఎవరి కాళ్ల కింద పడిందో!

“పేరమ్మా, పేరు!” అరిచాడు కొత్త గుమాస్తా.

“లిఖాఫా వాళ్ల తాతగారు...”

“ఈ కొండల్లో తాతలకి కరువా? పక్కకి జరుగు!”

వెనక నుంచి తెలిసిన గొంతు వినిపించింది. “ఏమే, ఎవరికే మందు?” పక్కింటి మాపులెంగ్, చెల్లెలి కోసం వచ్చింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

గుమాస్తా ఫైళ్లు గోనెసంచుల్లోకి కుక్కుతున్నాడు. పన్నెండుకి ఇంక అయిదు నిమిషాలే. మందు ఆగితే ముసలాయన ఎన్నాళ్లుంటాడు?

“త్సెలిసో!” అరిచింది మాలిఖాఫా. “త్సెలిసో మొఖేలే!”

వరస మొత్తం ఆమె వైపు తిరిగింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఫైలూ మందూ చేతికొచ్చాయి.

మాపులెంగ్ ఆ కబురుతో గుర్రం మీద ముందే ఊరు చేరింది. మాలిఖాఫా నడిచి వచ్చేసరికి ముసలాయన గుమ్మంలో, దుప్పటి మెడదాకా కప్పుకుని కూర్చున్నాడు.

“మూడు నెలల మందుకి నా పేరు వీధిన పెట్టావా?”

“పెట్టాను, న్తాతే. పేరుంటే సరా, మనిషి ఉండొద్దూ?” ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆయన వాకిట్లో మూగిన జనం వైపు ఒకసారి తలెత్తాడు. ఊరంతా చూస్తుండగా అక్కడే మందు కోసం అరచెయ్యి చాచాడు.

“నీళ్లు తేమ్మా.”