మేడమ్ నమ్మని సమాధానం

మాకు థెరపీ నేర్పిన టెక్కలి మేడమ్ ఎవరినీ నమ్మేవారు కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకు తినడం, బట్టలు కట్టుకోవడం మళ్లీ నేర్పడమే మా చదువు. ఏ రిపోర్టు ఇచ్చినా పెన్ను టక్కుటక్కున నొక్కుతూ, “సూసేవా, ఊహించేవా?” అనేవారు. ఆవిడ అనుమానం రోగి మీదో, నా మీదో తెలిసేది కాదు.

కవిటి నుంచి వచ్చిన ఒక రైతుకు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో చెంచా పట్టి నా ఎదుటే ఉప్మా అంతా తిన్నాడు. ‘సొంతంగా తింటున్నాడు, ఇక రానక్కర్లేదు’ అని రాసి సంతకానికి ఇచ్చాను.

“సూసేను మేడమ్” అన్నాను, ఆవిడ అడగకముందే.

ఆవిడ రైతు భార్య వైపు తిరిగారు. “ఇంటికాడ ఎలా తింతన్నాడమ్మా?”

“ఎడంసేత్తో తింతే నలుగురూ నవ్వరేటమ్మా? మీరు సెప్పేరని ఇక్కడ తిన్నాడు. ఇంటికాడ నానే పెడతన్నాను. నాను జీడితోటకెల్తే సందేల దాకా పస్తే.”

రైతు తల దించుకున్నాడు.

మేడమ్ సంతకం పెట్టలేదు, తిట్టనూ లేదు. క్యాంటీన్ నుంచి పళ్లెంలో పప్పన్నం తెప్పించి, అందరి మధ్యా నా ముందు పెట్టారు.

“ఎడంసేత్తో తిను బాబూ.”

నలుగురూ నావైపే చూస్తున్నారు; నా ఎడమచెయ్యి పళ్లెం అంచు దగ్గరే ఆగిపోయింది.